1974: వందో సినిమాలో వినిపించే గొంతు

2024లో మన సినిమా జనానికి 1974 మీద ఉన్నట్టుండి ప్రేమ పుట్టుకొచ్చింది. ఇందులో పెద్ద రహస్యమేం లేదు, యాభై నిండాయంతే. మే 1న ‘అల్లూరి సీతారామరాజు’కి యాభై ఏళ్ళు. ఆగస్టు 30న ‘తాతమ్మ కల’కి, అంటే బాలకృష్ణ నట జీవితానికి యాభై ఏళ్ళు. అల్లు రామలింగయ్య మొదలుపెట్టిన గీతా ఆర్ట్స్ తొలి సినిమా ‘బంట్రోతు భార్య’ది కూడా అదే లెక్క. ఏ సందర్భానికి ఆ పోస్టరు, ఆ అభినందన, “మీకు తెలుసా?” అని మొదలయ్యే ఆ వీడియో.

ఇలాంటి జాబితాలు నాకు ఇష్టమే. దొరికినవన్నీ చదువుతాను. తెలుగు సినిమా చరిత్ర మనలో చాలామందికి అందేది కూడా ఈ రూపంలోనే: వందో సినిమా, తొలి సినిమాస్కోప్, వంద రోజులు, మొదటి అవార్డు. సినిమా చరిత్ర మీద లావుపాటి పుస్తకం కొని చదివేవాళ్ళు కొద్దిమంది. ఒక ఏడాది పేరు పెట్టి పది ముక్కల్లో చెబితే మాత్రం అందరూ చదువుతారు, నలుగురికి పంపుతారు. కాబట్టి దీన్ని చిల్లర సమాచారం అని తోసెయ్యడం సరికాదు. ఇదీ ఒక రచనే. కథనో కవితనో అడిగినట్టే దీన్నీ అడగొచ్చు: ఏం చెబుతోంది, ఏం వదిలేస్తోంది, ఎక్కడ నిలబడి చెబుతోంది?

ఈ ప్రశ్నలు వేసి చూడ్డానికి 1974 మంచి సంవత్సరం. ముందు ఆ ఏడాది జరిగినవాటిని జరిగిన వరసలో పెడతాను. ఫిబ్రవరి 11న ఘంటసాల పోయారు, యాభై ఒక్క ఏళ్ళకే. రెండు నెలలు తిరక్కుండానే ఏప్రిల్‌లో సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి పోయారు. మే 1న కృష్ణ వందో సినిమా ‘అల్లూరి సీతారామరాజు’ వచ్చింది. జులై 18న ఎస్.వి. రంగారావు పోయారు, యాభై ఆరేళ్ళకి. ఆగస్టు 30న ఎన్టీఆర్ తనే దర్శకత్వం వహించిన ‘తాతమ్మ కల’. ఆ ఏడాదే అక్కినేని అమెరికా వెళ్ళి గుండెకు ఆపరేషన్ చేయించుకున్నారు. డిసెంబరులో విజయనిర్మల దర్శకత్వంలో కృష్ణ ‘దేవదాసు’ విడుదలైంది.

ఇలా వరసగా చదివితే ఆ సంవత్సరం పండగలా అనిపించదు. సగం పైన కబుర్లు చావువి, జబ్బువి. కానీ యాభై ఏళ్ళ తర్వాత మన చేతికొచ్చిన 1974 మాత్రం పూలదండలు వేసుకుని వచ్చింది. మధ్యలో ఏం జరిగింది?

జరిగిందేమిటంటే, జాబితాలో ఏ వరస పైకి రావాలన్నది ఆ ఏడాది తేల్చదు, ఇవాళ్టి రోజు తేలుస్తుంది. ‘తాతమ్మ కల’నే చూడండి. 1974లో హాలుకి వెళ్ళినవాళ్ళకి అది భానుమతి సినిమా, ఎన్టీఆర్ సినిమా. తండ్రి సినిమాలో పద్నాలుగేళ్ళ కుర్రాడు కనిపించడం ముచ్చటేగానీ పెద్ద వార్త కాదు. అప్పుడు జనం వాదించుకున్నది కుటుంబ నియంత్రణ గురించి. ప్రభుత్వం ఎర్ర త్రికోణం గుర్తుతో ఊరూరా ప్రచారం చేస్తున్న రోజుల్లో దానికి ఎదురు మాట్లాడిన సినిమా అది, అందుకే వివాదమైంది. రాజకీయాల్లోకి రావడానికి ఎనిమిదేళ్ళ ముందే ఎన్టీఆర్ ఒక ప్రభుత్వ విధానంతో తెర మీద తగువు పెట్టుకున్నారన్నమాట. సినిమా గురించి మాట్లాడాలంటే మొదట మాట్లాడాల్సిన సంగతి ఇది. 2024లో నా కంటబడ్డ వాటిల్లో చాలావరకు ఒకటే వాక్యం: బాలకృష్ణ తొలి సినిమా.

తొలి అడుగు చిత్రమైన మైలురాయి. వేసిన రోజున అది ఎవరికీ కనిపించదు. వేసినవాడు యాభై ఏళ్ళు నడిస్తేనే అది తొలి అడుగవుతుంది. అదే ఏడాది మొదలుపెట్టి రెండు సినిమాలతో ఆగిపోయినవాళ్ళూ ఉండే ఉంటారు, వాళ్ళెవరూ జాబితాకి ఎక్కరు. ‘బంట్రోతు భార్య’ కూడా అంతే. అప్పట్లో అది దాసరి సినిమా, కృష్ణంరాజు, విజయనిర్మల సినిమా. ఇవాళ అది ఒక పెద్ద సంస్థ పుట్టినరోజు.

రంగారావు సంగతి ఇందుకు పూర్తిగా తలకిందులు. ఆయన మరణం ఆ రోజు తెలుగులోనూ తమిళంలోనూ పెద్ద వార్త. ఘటోత్కచుడు, కీచకుడు, ‘పాతాళభైరవి’ మాంత్రికుడు ఒక్కసారిగా పోయారు. ‘నర్తనశాల’కి జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడిగా గుర్తింపు పొందిన మనిషి. అయినా ఆయన పోయి యాభై ఏళ్ళయిన జులై 18 ఏ హడావుడీ లేకుండా వెళ్ళిపోయింది. క్యారెక్టర్ నటుడికి వందో సినిమా పోస్టర్ ఉండదు, వంద రోజుల పండగలో మాల పడేది హీరో మెడలోనే. ఇవాళ తెర మీద ఆ ఇంటిపేరు మోసేవాడు లేకపోతే గుర్తుచేసే అభిమాన సంఘమూ ఉండదు. కోదండపాణి సంగతి సరేసరి. బాలసుబ్రహ్మణ్యాన్ని సినిమా పాటకు పరిచయం చేసింది ఆయనే. బాలు తన రికార్డింగ్ థియేటర్‌కి కోదండపాణి పేరు పెట్టుకోకపోయి ఉంటే ఈ తరానికి ఆ పేరు కూడా మిగిలేది కాదేమో. ఇక్కడ గుర్తుపెట్టుకున్నది జాబితా కాదు, శిష్యుడు.

ఇక ఆ ఏడాది పెద్ద మైలురాయి, ‘అల్లూరి సీతారామరాజు’. జాబితాల్లో దీని గురించి రాసేవన్నీ నిజాలే. కృష్ణ వందో సినిమా. తెలుగులో తొలి పూర్తిస్థాయి రంగుల సినిమాస్కోప్. శ్రీశ్రీ రాసిన ‘తెలుగు వీర’ పాటకి జాతీయ ఉత్తమ గేయరచన పురస్కారం, తెలుగు పాటకు ఆ గౌరవం దక్కడం అదే మొదలు. మూడూ గొప్పవే. కానీ ఒక్కో నిజాన్నీ కొంచెం గీకి చూస్తే కింద ఇంకేదో ఉంది.

వందో సినిమా అన్నది తీసుకోండి. ‘తేనె మనసులు’ 1965లో వచ్చింది. తొమ్మిదేళ్ళకి వంద అంటే దాదాపు నెలకో సినిమా. అంత వేగంగా సినిమాలు చేసిన హీరో వెనక అంతే వేగంగా పనిచేసిన దర్శకులు, రచయితలు, కెమెరామెన్ ఉంటారు. వాళ్ళలో వి. రామచంద్రరావు ఒకరు. ‘అసాధ్యుడు’, ‘నేనంటే నేనే’ తీసి, కృష్ణని హీరోగా నిలబెట్టినవాళ్ళలో ఒకరైన మనిషి. ‘అల్లూరి’ షూటింగ్ నడుస్తుండగానే చనిపోయారు. మిగతా భాగాన్ని కృష్ణ, పోరాట దృశ్యాల్లో కె.ఎస్.ఆర్. దాస్ సాయంతో పూర్తిచేశారు. అయినా దర్శకుడిగా తెర మీద రామచంద్రరావు పేరే వేశారు. కృష్ణ గురించి ఎన్ని సంఖ్యలు చెప్పినా నాకు ఆయన మీద గౌరవం పెంచేది ఈ టైటిల్ కార్డే. వంద అన్న అంకె మనిషి ఎంత పరుగెత్తాడో చెబుతుంది. పక్కన పరుగెత్తినవాడు పడిపోతే ఏం చేశాడో చెప్పదు.

ఆ వంద తర్వాత ఏమైందన్నది కూడా పోస్టర్ల మీద ఉండదు. సీతారామరాజుగా చూసిన కళ్ళకి మామూలు పాత్రల్లో కృష్ణ ఆనలేదు. 1976లో ‘పాడి పంటలు’ వచ్చేదాకా సినిమాలు వరసగా దెబ్బతిన్నాయి. శిఖరం అని మనం దండ వేస్తున్న చోటే ఆయన కెరీర్లో అతి పెద్ద పల్లం మొదలైంది.

రెండోది పాట. 1974 నాటికి కృష్ణ పాటలంటే ఎక్కువగా బాలు గొంతే. కానీ ఈ సినిమాకి ప్రాణమైన ‘తెలుగు వీర’ని రామకృష్ణతో కలిసి ఘంటసాల పాడారు. ఎందుకని? ఆదినారాయణరావు మనసులో ఏముందో ఎవరం చెప్పలేం గానీ, వినేవాళ్ళ చెవిలో ఏం జరుగుతుందో చెప్పొచ్చు. ఇరవై ఏళ్ళకి పైగా తెలుగువాళ్ళు రాముడి పద్యం, కృష్ణుడి పద్యం ఆ గొంతులో విన్నారు. ఆ గొంతు ఎత్తుకుంటే మాట వెనక పురాణమంత బరువు దానంతటదే వచ్చి నిలబడుతుంది. మన్యంలో విల్లు పట్టిన ముప్పై ఏళ్ళ హీరోకి ఆ బరువు కావాలి. వందో సినిమా చేస్తున్న నటుడు పాత తరం నుంచి తెచ్చుకున్న అరువు అది. సినిమా హాల్లోకి వచ్చేసరికి అప్పిచ్చినాయన లేరు, పోయి రెండున్నర నెలలైంది. మే 1న ఆ పాట మొదటిసారి తెర మీద చూసినవాళ్ళు విన్నది ఒక కొత్త శంఖారావాన్నీ, ఒక వీడ్కోలునీ కూడా. ‘ఘంటసాల మరణం’ ఒక వరసలోనూ, ‘కృష్ణ వందో సినిమా’ ఇంకో వరసలోనూ పెట్టే జాబితాకి ఈ సంగతి ఎప్పటికీ కనిపించదు. నేను రోజూ డేటాబేసులతో కొట్టుకుంటాను కాబట్టి ఇలా అనిపిస్తోందేమో. వరసలు తప్పుల్లేకుండా ఉంటాయి, వాటిని కలిపే ప్రశ్నే ఎవరూ రాయరు.

మూడోది అవార్డు. సీతారామరాజుని తెల్లవాళ్ళు కాల్చి చంపింది 1924 మే 7న. అంటే సినిమా విడుదలైంది ఆయన చనిపోయి యాభై ఏళ్ళు నిండడానికి సరిగ్గా ఆరు రోజుల ముందు, అదీ మే డే నాడు. ఆ పాట రాసిన శ్రీశ్రీ 1970లో విరసానికి తొలి అధ్యక్షుడు. విరసం పుట్టిన ఆ నెలలోనే శ్రీకాకుళం గిరిజన పోరాట నాయకులు వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసం చనిపోయారు. సినిమా తీసింది విశాఖ ఏజెన్సీలో, చింతపల్లి ప్రాంతంలో. కొండల్లో గిరిజనులు తిరగబడితే సాయుధ పోలీసులొచ్చి అణిచేసే కథ 1974 ప్రేక్షకుడికి పాతది కాదు, నాలుగేళ్ళ కిందటి పేపర్లో చదివినదే. ఈ రెంటికీ మధ్య తీగ అప్పటివాళ్ళ తలలో మోగకుండా ఉంటుందా? తెర మీద శత్రువు జగ్గయ్య వేసిన రూథర్‌ఫర్డ్ కాబట్టి అందరూ హాయిగా చప్పట్లు కొట్టగలిగారు. యాభై ఏళ్ళ నాటి తిరుగుబాటుకి పురస్కారం ఇవ్వడం ఏ ప్రభుత్వానికైనా సులువే.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. రంప తిరుగుబాటులో ప్రాణాలొడ్డింది మన్యం జనం. వాళ్ళ గొడవ అడవి మీద హక్కు గురించి, పోడు గురించి, రోడ్ల పనిలో చేయించుకున్న వెట్టి గురించి. పాట పిలుస్తున్నది మాత్రం తెలుగు వీరుణ్ణి. 1969లో తెలంగాణ ఉద్యమం, 1972-73లో జై ఆంధ్ర ఉద్యమం చూసి, చీలిక అంచు దాకా వెళ్ళొచ్చిన రాష్ట్రానికి ఆ పిలుపు మందులా పనిచేసి ఉంటుంది. ఆ పాట అంత బలంగా ఎందుకు తగిలిందో చెప్పడానికి నాకు ఇంతకన్నా మంచి కారణం దొరకలేదు. కానీ ఆ మందు ఖరీదు కొండవాళ్ళు కట్టారు. వాళ్ళ పోరాటం పేరు మారి అందరిదీ అయింది. పాట నాకిప్పటికీ ఇష్టమే, విన్నప్పుడల్లా వెన్ను నిటారు అవుతుంది. దానికి వచ్చిన అవార్డు గురించి పదిసార్లు చెప్పుకుని, అది ఎవర్ని పిలిచిందో ఒక్కసారీ అడక్కపోవడం గురించే నా బాధ.

ఏడాది చివర్లో వచ్చిన ‘దేవదాసు’ దగ్గర సంఖ్యలు ఇంకో రకంగా మోసం చేస్తాయి. విజయనిర్మల పేరెత్తగానే ఎవరైనా చెప్పేది 44. అత్యధిక సినిమాలకు దర్శకత్వం వహించిన మహిళగా 2002లో గిన్నిస్ రికార్డు. ఆ ఒక్క అంకె ఆమె తీసిన సినిమాలన్నిటినీ మింగేసింది. నలభై నాలుగు అని తెలిసినవాళ్ళని ఆ నలభై నాలుగులో ఒక్క సీను గురించి చెప్పమనండి. 1973లో యద్దనపూడి నవలతో ‘మీనా’ తీసి, ఆ మరుసటేడే తెలుగు సినిమాకి వేదం లాంటి ‘దేవదాసు’ని మళ్ళీ తీయడానికి పూనుకున్న దర్శకురాలి ధైర్యం గురించి, ఆమె పార్వతినీ చంద్రముఖినీ ఎలా చూసిందన్నదాని గురించి మనం మాట్లాడుకోలేదు. మాట్లాడుకున్నదల్లా అది ఆడలేదన్న సంగతి.

ఆ కథ అభిమానులు ఇప్పటికీ చెప్పుకుంటారు: కొత్త ‘దేవదాసు’ వచ్చిన సమయంలోనే 1953 నాటి అక్కినేని ‘దేవదాసు’ని మళ్ళీ హాళ్ళకి తెచ్చారు, జనం పాతదానికే వెళ్ళారు. అక్కినేని గెలిచాడు, కృష్ణ ఓడాడు, అంతే. నాకది నటుల పోటీలా మాత్రమే కనిపించదు. 1974 డిసెంబరు అంటే ఘంటసాల పోయి పది నెలలు. ఆ ఏడాదిలో పాత ‘దేవదాసు’కి టికెట్ కొనడమంటే, చీకట్లో కూర్చుని ఆ గొంతుని మూడు గంటల పాటు మళ్ళీ వినడం. పైగా గుండె ఆపరేషన్ కోసం అమెరికా వెళ్ళిన అక్కినేని, ముప్పై కూడా నిండని వయసులో తాగుతూ దగ్గుతూ చచ్చిపోయే పాత్రలో తెర మీద. రంగులతో, రమేష్ నాయుడి మంచి పాటలతో వచ్చిన కొత్త సినిమా దీనితో ఎలా తలపడుతుంది? జనం ఆ డిసెంబరులో పోల్చుకున్నది ఇద్దరు దేవదాసుల్ని కాదని నా అనుమానం. పోగొట్టుకున్నదాన్ని వెతుక్కుంటూ వెళ్ళారు. దీనికి లెక్కలు చూపించమంటే నా దగ్గర లేవు, ఇది చదువరి ఊహ. కానీ వసూళ్ళ అంకె కన్నా ఆ ఏడాదిని నాకు ఎక్కువగా అర్థం చేయించింది ఈ ఊహే.

పాత ‘దేవదాసు’లోనూ ఇలాంటి నీడే ఉంది. దాని సంగీత దర్శకుడు సి.ఆర్. సుబ్బరామన్ సినిమా విడుదలకి ఏడాది ముందే పోయాడు, ముప్పై అయినా నిండకుండా. వేదాంతం రాఘవయ్య తీసిన ఆ సినిమా చూస్తూ 1953లో జనం విన్నదీ లేని మనిషి కట్టిన బాణీలే. అలా చూస్తే, 1974లో పక్కపక్కన నిలబడాల్సింది రెండు ‘దేవదాసు’లు కాదేమో. 1953 ‘దేవదాసు’, 1974 ‘అల్లూరి’ ఒకే జాతి సినిమాలు. రెండూ లేనివాళ్ళ చేతిపనిని ఉన్నవాళ్ళు చివరిదాకా మోసుకొచ్చి మనకి అప్పగించినవి.

జాబితాలు మానెయ్యమని ఎవరికీ చెప్పను. మానెయ్యలేం కూడా, తారీఖు అన్నది మతిమరుపు జాతికి మంచి ఊతకర్ర. కాకపోతే రాసేవాళ్ళు రెండు పనులు చెయ్యొచ్చు. మొదటిది, ఆ ఏడాది మనుషులకి ఏది వార్తో అది ముందు రాయడం, మనకి ఏది వార్తో అది తర్వాత. రెండోది, ఒక వరసకీ దాని కింది వరసకీ మధ్య ఏముందో ఒక్క వాక్యమైనా రాయడం. అభిమాన సంఘాలకి అవసరం లేని పని ఇది, విమర్శకి మాత్రం ఇదే పని. మనం చెయ్యకపోతే ఎవరి మనవళ్ళు ఇవాళ తెర మీద ఉన్నారో వాళ్ళ తాతల చరిత్రే తెలుగు సినిమా చరిత్రగా మిగులుతుంది.

‘అల్లూరి సీతారామరాజు’ ఈసారి చూసినప్పుడు టైటిల్స్ దాటెయ్యకండి. దర్శకుడిగా రామచంద్రరావు పేరు పడుతుంది. గాయకుల్లో ఘంటసాల పేరు పడుతుంది. మొదటి ఆటకి హాల్లో కూర్చున్నవాళ్ళలో చాలామందికి ఆ ఇద్దరూ లేరని తెలుసు. మనకి ఎవరైనా గుర్తుచెయ్యాల్సింది ఆ సంగతి. ఇది వందో సినిమా అని పోస్టరు ఎలాగూ చెబుతుంది.